అన్ని గదులకీ ఒకటే తాళంచెవి

అమ్మాయీ, నాకు గదీ తిండీ కుదిరాయి, బెంగపడకు. మిల్లులో మెషిన్ బాగయ్యేదాకా ఈ చవక హోటల్లోనే ఉంటాను. నిన్న పని నుంచి వచ్చి నా గదే అనుకుని తాళం తీస్తే, లోపల ఒకాయన గడ్డం గీసుకుంటున్నాడు.

"మీది పక్క గదండీ. పొద్దున నేనూ పొరపాటున మీ గదిలోనే స్నానం చేశాను. సబ్బు బాగుంది" అన్నాడు తాపీగా.

మేనేజర్ని నిలదీస్తే, "అన్ని తలుపులకీ ఒకటే తాళంచెవి సార్. ఎవరిది పోయినా ఇబ్బంది ఉండదు" అన్నాడు. చేసేదేముంది, ఇప్పుడు నా గదికి ఆయన, ఆయన గదికి నేను కాపలా.

కాళ్ల వాపు తగ్గిందా? డాక్టరమ్మ ఏమంది? నీళ్ల బిందెలు అల్లుణ్ణి మొయ్యమను. నొప్పులు మొదలైతే మిల్లుకి ఫోన్ చేయించు. మెషిన్ విప్పి ఉన్నా సరే, వదిలేసి వస్తాను.

నీకూ, ఇంకా మొహం చూపించని ఆ పెద్దమనిషికీ నా దీవెనలు.

నాన్న