వీధికి అటువైపు స్కూలు

అల్ఫారెట్టా,
ఆగస్టు 2012

అమ్మకు రాధ నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. హెర్న్‌డన్‌లో అన్నయ్యా వదినా నిన్ను బాగా చూసుకుంటున్నారని తెలుసు కనుక నాకు ఆ బెంగ లేదు. మోకాలికి కొత్త మందు పనిచేస్తోందని రాశావు, సంతోషం. మెట్లు మాత్రం మెల్లగా దిగు. నువ్వు పెట్టిన దోసావకాయ ఇంకా ఉందా అని అడిగావు. అడుగంటింది. నీ మనవరాలు భవిత బ్రెడ్డులో కూడా పెట్టుకు తింటోంది.

ఎదురింటి హైమ గురించి ఒక్క ముక్కా రాయడం లేదేమని కూడా అడిగావు. ఫోనులో చెబుదామంటే అన్నయ్య స్పీకర్ పెడతాడు. అందుకే రాస్తున్నాను.

నువ్విక్కడున్నప్పుడు వాకింగ్‌కి వెళ్ళి, కడుతున్న కొత్త హైస్కూలు చూసేవాళ్ళం కదా. అది ఈ నెలలో తెరిచారు. ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకి వెళ్ళాలో చలికాలంలోనే కొత్త మ్యాపు గీశారు. ఆ గీత సరిగ్గా మా వీధి మధ్యనుంచి పోయింది. హైమ వాళ్ళ వైపు ఇళ్ళకి కొత్త స్కూలు, మా వైపుకి పాతదే. పాతది చెడ్డదేమీ కాదు. దానికోసమే కదా ఈ ఇల్లు కొన్నాం. కానీ ఆ గాజు గోడలు, ల్యాబులు చూశాక మా స్కూలు మీద నా మనసు విరిగిపోయింది.

హైమ కావాలని ఏమీ అనదు. "కొత్త స్కూలు వల్ల మా ఇంటి రేటు పెరిగిందట రాధా, ఏజెంట్ కాల్ చేశాడు" అని ఒకరోజు కూర గిన్నె చేతికిస్తూ చెప్పింది, అంతే. ఆ కూర మూత కూడా తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టేశాను. మేం కొన్నప్పుడు అటువైపు ఇల్లూ అమ్మకానికే ఉంది. తూర్పు గుమ్మం కావాలని ఇటువైపుది తీసుకున్నాం. ఇప్పుడు పొద్దున్నే బ్లైండ్స్ తీస్తే ఎదురుగా వాళ్ళ గుమ్మమే.

మ్యాపు మీద అభిప్రాయాలు చెప్పమని స్కూలు బోర్డు మీటింగ్ పెట్టింది. నేను మైకు ముందు నిలబడి, "చిన్నప్పటినుంచి కలిసి పెరిగిన పిల్లల్ని విడదీయకండి. వీధికి రెండు వైపులా పాత స్కూలే ఉంచండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. హైమ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మా జాహ్నవి గురించి, భవిత గురించి ఇంత ఆలోచించావా రాధా" అని కళ్ళు తుడుచుకుంది.

అమ్మా, నీ దగ్గర దాచలేను. నేను పిల్లల గురించి ఆలోచించలేదు. మాకు రానిది వాళ్ళకీ రాకూడదనుకున్నాను.

మ్యాపు మారలేదు. కానీ మే నెలలో హైమ వచ్చి, "జాహ్నవిని పాత స్కూల్లోనే ఉంచమని అప్లై చేస్తున్నాం. నువ్వు చెప్పిందే కరెక్ట్" అంది. ఆ పిల్లకి రోబోటిక్స్ అంటే ప్రాణం. దానికి ల్యాబు కొత్త స్కూల్లోనే ఉంది. చివరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"కుళ్ళుతో మాట్లాడాను హైమా. నా మాట పట్టుకుని పిల్లని ఆపకు."

హైమ, "ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది" అంది.

జాహ్నవి కొత్త స్కూల్లో చేరింది. "మమ్మీ, నువ్ ఆంటీకి ఏం చెప్పావ్? జాహ్నవి ఎందుకు స్విచ్ అయింది?" అని భవిత అడుగుతోంది. ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తున్నాను.

నిజం చెబితే మనసు తేలికవుతుందనుకున్నాను. కాలేదు. నిన్న ఉదయం హైమ కూతుర్ని బస్సెక్కిస్తూ నా వైపు చూసి చెయ్యి ఊపింది. క్షమించి ఊపిందో, అలవాటుకొద్దీ ఊపిందో తెలియదు. నేనూ ఊపాను. అప్పుడు కూడా నా కళ్ళు హైమ మీద లేవమ్మా. ఆ పిల్ల టీషర్టు మీదున్న కొత్త స్కూలు పేరు మీద ఉన్నాయి.

తిట్టాలనిపిస్తే ఉత్తరంలోనే తిట్టు. ఇది అన్నయ్యకి చూపించకు.

ఇట్లు,
నీ కూతురు
రాధ