కాక కారు మీది కంపెనీ రంగు

మంగళవారం, హనుమకొండ

బ్రేకులు చూడమని కాక తన పాత విలాయతి కారు నా షెడ్డుల విడిచిపెట్టిండు. ఆయనను ఖుషీ చేద్దామని నేను, అడగకుండనే కంపెనీ రంగంత గీకిచ్చి కొత్తది కొట్టిచ్చిన. తుప్పు పట్టకుండ అడుగున ఏసిన నల్ల కోటింగు గూడ వదల్లే.

ఇయ్యాల వచ్చి చూసిండు. డ్రైవర్ దిక్కు డోరు అంచును తడుముకుంట చానాసేపు నిలవడ్డడు.

"మీ తాత ఈ కారు నడుపుకుంట మోచెయ్యి పెట్టి పెట్టి ఈడ రంగు అరిగిపోయి ఉండె బిడ్డా. అది మల్ల వస్తదా?"

"రాదు కాకా."

చిన్నప్పుడు ఆ మోచెయ్యి నేను గూడ చూసిన. గీకిచ్చేటప్పుడు యాదికి రాలే. సిగ్గుతోటి తల ఎత్తలేకపోయిన. తిట్టినా బాగుండు.

"మంచిగ మెరుస్తాంది తియ్" అని భుజం తట్టిండు. తాళంచెవి ఇయ్యబోతే, "రేపు సూద్దాం" అని ఆటో ఎక్కి పోయిండు.