మావయ్య పట్టుకున్న తలుపులు

ఇప్పుడే పక్షుల పార్కు నుంచి ఫోన్ వచ్చింది. నిన్న ఎగిరిపోయిన చిలుక దొరికిందట! ఆకలేసి తనే తిరిగొచ్చి వల మీద వాలిందట. వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను.

కూర వేడి చేసుకోండి. అత్తయ్య పడుకున్నారు, లేపకండి. నేను మావయ్యను వెతకడానికి వెళ్తున్నాను. పొద్దున టీ కూడా తాగకుండా, ఆ చిలుక కోసం చెట్లన్నీ చూస్తూ వెళ్లిన మనిషి ఇంకా రాలేదు. ఫోనేమో బల్ల మీదే ఉంది.

గుమ్మం దగ్గర మీ ఇంట్లో అందరూ "ముందు మీరు, ముందు మీరు" అనుకోవడం కొత్తకోడలిగా నాకెంత ముచ్చటో! ఆ అలవాటుతోనే నిన్న మావయ్య, ఒకటి మూశాకే రెండోది తీయాల్సిన పార్కు తలుపులను వెనకవాళ్ల కోసం చెరో చేత్తో తెరిచి పట్టుకున్నారు, చిలుక తుర్రుమంది. అంతమందిలో "కాస్తయినా బుద్ధుందా నాన్నా?" అనేశారు మీరు. ఆయన నవ్వబోయి ఆగిపోయారు. ఆ మొహమే ఇంకా నా కళ్లముందుంది.

చెప్పడం మరిచాను: రేపు నలుగురం మళ్లీ అక్కడికే వెళ్తున్నాం. మావయ్య రానంటారు. బతిమాలి తీసుకురావాల్సింది మీరే, నేను కాదు.