కుడివైపు హెడ్ అన్నయ్య దగ్గరే ఉంది

ఊరంతా చిన్న మేస్త్రి అని పిలిచే నేను, కార్ల షెడ్డు యజమానిని, మంచి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగానే ఉందని గుండె డాక్టరమ్మ ధ్రువీకరించింది. ఆ మాట విని నా భార్య నవ్వింది గానీ అభ్యంతరం చెప్పలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వకీలు గారిది. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు.

1. నేను కాపురముంటున్న ఇల్లు, సమస్త సామానుతో సహా, నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. ఈ ఇంట్లో మొదటినుంచీ ఆవిడ మాటే చెల్లింది కనుక కొత్తగా సంక్రమించేదేమీ లేదు. వంటింటి కిటికీ తలుపు సరిగా పడదు. రేపు చూస్తాను, ఎల్లుండి చూస్తాను అంటూ వచ్చాను.

2. షెడ్డు, పనిముట్లు నా కూతురికి. పని నేర్పింది నేనే అయినా, చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పడంలో నన్ను మించిపోయింది. గోడకున్న పొడుగాటి రెంచిని మాత్రం ఎవరికీ అరువివ్వకూడదు. అడిగినవాడు దేవుడైనా సరే, ఇక్కడే వాడుకుని వెళ్ళమనాలి.

3. పాత కారు మీద కప్పిన టార్పాలిన్ మా అల్లుడికి. "ఆ డొక్కు అమ్మేస్తే పోలా మావయ్యా" అని అతను అన్నప్పుడల్లా టార్పాలిన్ అంచు ఇంకాస్త కిందికి లాగాను. మనిషి మంచివాడే. కారు మాత్రం అతని చేతికి పోకూడదు.

4. ఇక ఆ కారు సంగతి. దాన్ని నేనూ మా అన్నయ్యా తుక్కు కొట్టు నుంచి లాక్కొచ్చాం. అప్పట్లో మమ్మల్ని జోడెద్దులు అనేవారు. దాని ఇంజనుకు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, రెండు హెడ్లు, అంటే సిలిండర్ల మీద మూతల్లా బిగించే ఇనప దిమ్మలు. ఇంకా జోరుగా పోవాలని అన్నయ్య అంతకన్నా పాత మోడల్ హెడ్లు ఒక జత తెచ్చాడు. అసలువి దింపి వీటిని ఎక్కించాం. బోల్టులు నడిమి నుంచి అంచులకు బిగించుకుంటూ రావాలి. ఏ బోల్టు తర్వాత ఏదో ఆయన కేకేసి చెప్పేవాడు, నేను రెంచి లాగేవాణ్ణి. తీరా బిగించాక చూస్తే, పొగలో విషం తగ్గించే పంపు గొట్టాలు దూర్చడానికి ఆ హెడ్లకు రంధ్రాలే లేవు! ముందే చూసుకోవలసింది ఎవరో నేను చెప్పను. హెడ్లు తెచ్చింది మాత్రం నేను కాదు. "రంధ్రాల్లేనప్పుడు గొట్టాలెందుకురా, పీకి అవతల పెట్టు" అన్నాడు. పంపు, బెల్టు, గొట్టాలు అన్నీ పీకేశాం. కారు ఉరికింది. మళ్ళీ అంత సంతోషం నేనెరగను.

మొదటి షికారుకే వెనక సీట్లో నా భార్యకు కళ్ళు మండి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. పొగ పరీక్షలోనూ కారు తప్పింది. అసలు హెడ్లే మళ్ళీ ఎక్కిద్దామన్నాను. "నా చేతి పని విప్పుతావా?" అంటూ అన్నయ్య, నడుం నొప్పితో వంగలేని మనిషి, దింపి పెట్టిన అసలు హెడ్లలో కుడివైపుది భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. ఒంటి హెడ్‌తో ఎవరేం చేసుకుంటారు? గడ్డివాము దగ్గర కుక్క సామెతే. ఆనాటి నుంచి కారు కదల్లేదు, మా మధ్య మాటా లేదు.

ఇప్పటికీ ఏ కారు హెడ్ బిగిస్తున్నా, నడిమి బోల్టు మీద రెంచి పెట్టి కాసేపు ఆగుతాను. నాన్నకు ఆయాసం అనుకుంటుంది నా కూతురు. ఆయాసం కాదమ్మా, మీ పెదనాన్న గొంతు కోసం.

5. సదరు కారు, ఎడమవైపు అసలు హెడ్, పంపు, గొట్టాలు సహా, మా అన్నయ్యకు చెందవలెను. షెడ్డు బీరువాలో నడుముకు కట్టుకునే కొత్త బెల్టు ఉంది, అదీ ఆయనదే. పెద్ద మేస్త్రి కాస్త ఒళ్ళు చేశాడని టైర్ల కొట్టాయన చెప్తే, మార్చి పెద్దది తెచ్చి ఉంచాను.

6. రాసినవాడు పోయాకే వీలునామా అమల్లోకి వస్తుందని వకీలు గారు అంటున్నారు. మీరే వెళ్ళి పిలవొచ్చుగా అంటుంది నా భార్య. అన్నయ్య వాళ్ళ వీధి మొగదాకా వెళ్ళి తిరిగొచ్చిన సంగతి ఆవిడకు తెలియదు. కనుక ఈ ఒక్క షరతు నేను బతికుండగానే అమలు కావలెను. దీని నకలు రేపే మా అన్నయ్య చేతికి ఇవ్వాలి. చట్టం ఒప్పుకోకపోతే చట్టాన్ని కాసేపు బయట కూర్చోమనండి.

అన్నయ్యా, నా చావు కబురు విని రావద్దు. అప్పుడొచ్చి నువ్వెంత ఏడ్చినా నాకు తెలియదు. ఇప్పుడు రా. నిన్ను చూడాలని ఉంది. ఆ హెడ్ తేకపోయినా సరే.

తేదీ: నవంబరు పదకొండు, మంగళవారం

(సంతకం) చిన్న మేస్త్రి

సాక్షులు:
1. టైర్ల కొట్టు యజమాని
2. షెడ్డు ఎదురింటి దర్జీ