ముందు ఎడమ చక్రం

షెడ్డు నుంచి,
మార్చి 9, సోమవారం

గౌరవనీయులైన బావగారికి,

మీ మరదలు నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. అక్క నా దగ్గరికి వచ్చి ఎనిమిది రోజులైంది. వేళకి తింటోంది, ఆసుపత్రి డ్యూటీకి వెళ్లొస్తోంది. మీ బండి కూడా కులాసాయే. మీరూ కులాసాగా ఉండాలని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. అంతకు మించి ఆ మాటలో ఏమీ వెతక్కండి.

రోడ్డుకి అవతల ఉన్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వుకుంటారు. ఫోన్లో మీతో నెగ్గడం నావల్ల కాదు బావా. నేను ఒకటి అనేలోపు మీరు పది అంటారు, చివరికి తప్పు నాదే అయినట్టు నేనే సారీ చెప్పి పెట్టేస్తాను. నాలుగేళ్లుగా ఇదే వరస. కాగితం మాటకి అడ్డు తగలదు. పైగా మన మధ్య చెడింది కూడా ఒక కాగితం దగ్గరే. దాని సంగతి తర్వాత చెబుతాను, కంగారు పడకండి. లేదా పడండి, మీ ఇష్టం.

మీరు ఈ ఇంటి అల్లుడై నాన్న మెకానిక్ షెడ్డులో అడుగుపెట్టిన కొత్తలో నాన్న నాకు వినడం నేర్పిస్తుండేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినాలి. డీజిల్ బండి వీధి మలుపు తిరుగుతుండగానే ఏ సిలిండర్ కుంటుతోందో చెప్పేసేదాన్ని. పెట్రోలు బండ్లు కాస్త గుంభనంగా ఉంటాయి, వాటికి బానెట్ ఎత్తాల్సి వచ్చేది. మీరు గుమ్మంలో నిలబడి, డాక్టరమ్మ వచ్చింది జరగండి అని పనివాళ్లని నవ్వించేవారు. నేనూ నవ్వేదాన్ని. బావ వేళాకోళం ఆడకపోతే ఇంకెవరు ఆడతారు అనుకునేదాన్ని.

తర్వాత కరెంటు బండ్లు వచ్చాయి. శిక్షణ కేంద్రం వాళ్లు షెడ్డుకి ఒక్క సీటు ఇస్తామన్నారు, మూడు నెలల చదువు. నేను పరీక్ష రాశాను. జవాబు రాలేదు. అప్పటికి నాన్న మంచం పట్టి ఉన్నారు, ఆయన్ని చూసుకునే గొడవలో అడిగే తీరిక కూడా లేకపోయింది. ఇంతలో మీకెవరో తెలిసినవాళ్ల ద్వారా సీటు దొరికిందన్నారు. మీ పెట్టె నేనే సర్దిపెట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు మండుతాయి.

మీరు తెల్లకోటుతో తిరిగొచ్చారు. ఎదురుగా తెల్లటి పలకల నేలతో, గాజు తలుపులతో సర్వీసు సెంటర్ పెట్టారు. పైన బోర్డు: పొగ లేదు, చప్పుడు లేదు, మసి చేతులు లేవు. ఆ మూడోది ఎవరి చేతుల గురించో వీధంతటికీ తెలుసు. తెరిచిన రోజు నేను వచ్చినవాళ్లకి మంచినీళ్ల గ్లాసులు అందిస్తున్నాను. అందరి ముందూ మీరన్న మాట గుర్తుందా? నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“మా మరదలు ఇంకా ఇంజన్లకి చెవి పెట్టుకు కూర్చుంది. ఈ బండ్లు మాట్లాడవమ్మా. ఇక ఆ చెవి కమ్మలు పెట్టుకోడానికే.”

ఘొల్లున నవ్వారు. నేను పళ్లెం కిందపెట్టి రోడ్డు దాటి వచ్చేశాను. ఆ రోజు నుంచి దీనికి బదులు తీర్చుకోకుండా ఉండనని అనుకుంటూనే ఉన్నాను. నోటితో ఎవరికీ చెప్పలేదు, అంతే.

కరెంటు బండ్ల మీద నాకు కోపం లేదు. ఉన్నమాట చెప్పాలంటే ఆ బండి మంచిదే. పక్కింటి టీచరమ్మ రాగానే ఫోన్ పెట్టినట్టు ప్లగ్ పెట్టి లోపలికి పోతుంది, బంకు ముఖం చూసి ఏడాదైందట. ఆయిల్ మార్చక్కర్లేదు, ఫిల్టర్ల గోల లేదు. ఎదురు మేడలో మూడో అంతస్తు ఆయన మాత్రం బండి చార్జింగుకి వంటింటి కిటికీలోంచి వైరు వేలాడదీసి, కింద నడిచేవాళ్లందరి చేతా తిట్లు తింటున్నాడు. నా దగ్గరికి వచ్చే డీజిల్ టాక్సీలు ఒక్కొక్కటే తగ్గాయి. రెండు జాకీల్లో ఒకటి తుప్పు పట్టింది. మీరు గాజు తలుపు వెనక నుంచి అది చూస్తుండేవారు, నేను మిమ్మల్ని చూస్తుండేదాన్ని.

ఇప్పుడు మీ బండి సంగతి. ముందువైపు ఏదో మూలుగుతోందని అక్క మీకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ మీరు కంప్యూటర్ తగిలించి, తెర మీద పచ్చటి టిక్కు చూపించి, చప్పుడు నీ చెవుల్లో ఉంది, బండిలో లేదన్నారు. ఆ బండిలోనే అక్క రోజూ కొండ రోడ్డు దిగి ఆసుపత్రికి వెళ్లింది. ఎనిమిది రోజుల కిందట, ఆదివారం నాడు, నా దగ్గరికి తెచ్చింది.

నేను పక్క సీట్లో కూర్చున్నాను. వంద మీటర్లు పోయేసరికి వినబడింది. ముందు ఎడమ చక్రం. కుడికి తిప్పితే పెరిగింది, ఎడమకి తిప్పితే తగ్గింది. షెడ్డుకి తెచ్చి జాకీ ఎక్కించి, చక్రం చేత్తో తిప్పుతూ, నాన్న పోయాక నాకు మిగిలిన ఆయన స్క్రూడ్రైవర్ ఆనించాను. లోపల ఇసుక నలుగుతున్నట్టుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రం వదులుగా ఆడింది. మీ కంప్యూటర్‌కి బ్యాటరీ తెలుసు, మోటారు తెలుసు. అరిగిపోయిన బేరింగు సంగతి దానికి చెప్పేవాళ్లు లేరు. ఇంకో నెల ఆగి ఉంటే ఆ కొండ రోడ్డు మీద ఏమయ్యేదో మీ ఊహకే వదిలేస్తున్నాను.

ఈ బండ్లు మాట్లాడవన్నారు కదా. ఇంజన్ నోరు మూసుకుంటేనే బావా, మిగతావన్నీ వినబడేది. ఇన్నేళ్లూ డీజిల్ హోరులో వెతుక్కున్న చప్పుళ్లు ఇప్పుడు పిలవకుండానే చెవిలో పడుతున్నాయి. కమ్మలు కూడా పెట్టుకునే వింటున్నాను.

బేరింగు మార్చడానికి ఒక పూట పట్టింది. మిగతా రోజులు మీకోసం. మీ బండిని షెడ్డు ముందు, మీ గాజు గదికి సరిగ్గా ఎదురుగా జాకీ మీద నిలబెట్టాను, చక్రం విప్పి. అక్క నా పాత డీజిల్ జీపులో, మీ తలుపుల ముందు నుంచే పొగ కక్కుకుంటూ డ్యూటీకి వెళ్తోంది. మీ దగ్గర కూర్చున్నవాళ్లు కాఫీ తాగుతూ అటే చూశారు. కరెంటు బండ్ల ఆయన సొంత బండి మసి చేతుల షెడ్డులో ఏం చేస్తోందని ఒకరినొకరు అడిగారట. ముందుగా, కరెంటు టాక్సీ నడిపే ఒక పొడుగాటి డ్రైవర్ రోడ్డు దాటాడు. వెనకాల టకటక అంటోందని మీ దగ్గరికి నాలుగుసార్లు వచ్చి, నాలుగు పచ్చ టిక్కులు పట్టుకెళ్లిన మనిషి. సస్పెన్షన్ రబ్బరు అరిగిపోయింది, పావుగంటలో చెప్పాను. నిన్నటికి పదకొండు మంది దాటారు. నా విరిగిన బల్ల మీదే సర్దుకుని కూర్చుంటున్నారు.

ఈ బండ్లలో బ్యాటరీ నుంచి వచ్చే నారింజ రంగు తీగల జోలికి మాత్రం నేను పోను. అవి ప్రాణం తీసే తీగలు, చదువుకోనిదే ముట్టుకోకూడదు. నాకా చదువు ఎందుకు లేదో ఇప్పుడు చూద్దాం.

మీ బండి కాగితాల సంచిలో ఒక పాత నకలు దొరికింది. శిక్షణకి ఎంపికైన పేరు నాది. కింద ఒప్పుకోలు: ఇంటి పరిస్థితుల వల్ల నేను రాలేను, నా బదులు మా బావగారిని చేర్చుకోగలరు. దాని కింద నా సంతకం. అది నేను పెట్టింది కాదు.

మంగళవారమే దాన్ని శిక్షణ కేంద్రానికి పంపాను. శనివారం జవాబొచ్చింది. మీ సర్టిఫికెట్ నిలిపేశారు. మార్చి పదహారున వెళ్లి సంజాయిషీ ఇచ్చుకోవాలి. అప్పటిదాకా మీరు ఏ బండి బ్యాటరీ మూతా తీయకూడదు. మీకూ ఉత్తరం ఈపాటికి చేరి ఉంటుంది. కొత్త తరగతులు ఏప్రిల్ ఒకటిన. నా సీటు నాకిచ్చారు. ఈసారి పెట్టె నాకోసం సర్దుకుంటాను.

బోర్డు దింపక్కర్లేదు. పొగ లేదు, చప్పుడు లేదన్నది నిజమే కదా. గోడకి సర్టిఫికెట్ తగిలించిన మేకు కూడా అలాగే ఉంచండి, ఖాళీగా. వచ్చినవాళ్లు అడిగితే ఏదో ఒకటి చెప్పగలరు, మాటలు మీకు కొత్త కాదు. నాకు జాలి వేస్తుందేమో అని చూసుకున్నాను. వెయ్యలేదు.

ఉంటాను.

ఇట్లు,
మసి చేతుల మీ మరదలు

తా.క. కవరు అతికించబోయి ఆగాను. ఒక అబద్ధం ఉండిపోయింది. ఆ కాగితం నాకు దొరకలేదు. అక్క ఇచ్చింది. చక్రం వినడానికి బండెక్కిన ఆ వంద మీటర్లలోనే, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పింది.

“ఆ సంతకం నేనే పెట్టానే. నాన్నని వదిలి నువ్వెలాగూ వెళ్లవు, ఊరికే సీటు పోతుందని మీ బావ అన్నారు. పెట్టాను.”

చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం కూడా తనే పెట్టేది. చాలా మెల్లగా చెప్పింది బావా. డీజిల్ బండైతే నాకు వినబడేదే కాదు.

కేంద్రానికి నా ఉత్తరంతోపాటు తన ఉత్తరం కూడా వెళ్లింది, తన అసలు సంతకంతో. కాబట్టి అక్కడికి వెళ్లి అది నా సంతకమేనని వాదించి లాభం లేదు. మీ దగ్గరికి రానన్నది కూడా తనే, నేను ఆపలేదు.

మీ మీద పగ తీర్చుకోవడం తేలికే. మీరు రోడ్డుకి అవతల ఉన్నారు. ఆమె పక్క గదిలో ఉంది. ఎనిమిది రోజులుగా నేను తనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇవాళ పొద్దున మీ బండి చక్రం మాత్రం నా చేత్తోనే బిగించాను. రేపటి నుంచి అందులో కొండ రోడ్డు దిగేది తనే కాబట్టి, ప్రతి నట్టూ రెండుసార్లు సరిచూశాను.