అక్క ఫొటోతో అమ్ముతున్న షుగరు మందు పొడి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంట్లో నీ సంవత్సరీకం పనులు వదిలేసి, పొద్దున్నే తిరుపతిలో సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్లాను. ఇంటర్నెట్‌లో ఎవడో నీ ఫొటో పెట్టి పొడి అమ్ముతున్నాడు. "మూడు నెలలు తాగాను, షుగరు పోయింది" అని నువ్వే చెప్పినట్టు రాశాడు. ఆ షుగరుతోనే కదా నీ కిడ్నీలు పోయింది!

ఆ సైటు వాళ్లకు రాస్తే, ఫొటోలోని మనిషే స్వయంగా ఫిర్యాదు చేయాలన్నారు. నీ మరణ ధ్రువపత్రం పంపాను. మళ్లీ అదే జవాబు.

"అమ్మేవాడు ఒక దేశంలో ఉండాడు, సైటు ఇంకో దేశంలో ఉండాదమ్మా. మేం రాస్తాం, వాళ్లు ఎప్పుడు పలుకుతారో చెప్పలేం" అన్నాడు ఎస్సై.

"ఇంటర్నెట్‌ను అందరం కలిసి చూసుకుంటామని దేశాలన్నీ మీటింగులు పెట్టుకుంటాయి గదా సార్! ఒక్క ఫొటో తీయించలేరా?" అని అరిచాను. ఆయన నా ఫిర్యాదు కాగితం మీద ముద్ర వేసి ఇచ్చాడు.

బయటికి రాగానే, నా దగ్గరే ఉంచుకున్న నీ ఫోను మోగింది. సత్యవేడు దగ్గర పల్లె నుంచి, నీ దగ్గర జాకెట్లు కుట్టించుకునే మునెమ్మ. "అక్కా, నువ్వు తాగిన పొడే తెప్పించుకున్న్యా. ఇన్సులిన్ సూది మానేసి వారమాయ. తల తిరగతా ఉండాది, ఇట్లే ఉంటాదా?"

నువ్వు లేవని చెప్పాను. నమ్మలేదు. బస్సెక్కి వాళ్ల పల్లెకు వెళ్లి, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లి, సూది వేయించేదాకా పక్కనే నిలబడ్డాను.

నువ్వు చచ్చిపోయావని ఇంకా ఎన్ని ఊళ్లు తిరిగి చెప్పాలో, ఆ దేశాల్లో ఏదో ఒకటి నాకు జవాబు రాయాలి.

నీ చెల్లెలు