నేను పోయిన సాయంత్రం వండవలసిన కూడు

హిందూపురంలో కాపురమున్న, కీర్తిశేషులు చెన్నప్ప భార్య, అరవై ఏడేళ్ల లక్ష్మక్క అనే నేను తెలివిలో ఉండి, నా ఇష్టం మీద రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా మతి సరిగ్గా ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు దీనికి జతచేశారు. ఈ మధ్యాహ్నం ఊరిబిండి పచ్చడిలో వెల్లుల్లి పడలేదని మొదటి ముద్దకే చెప్పాను, ఆ సాక్ష్యం కూడా రాసుకోండి. పాడైంది గుండె ఒక్కటే. ఆపరేషనుకు బెంగళూరు పోనని తేల్చి చెప్పేశాను. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. కొన్ని మాటలు వీలునామాలో ఉండకూడదని ఇది రాస్తున్న వకీలుగారు అన్నారు. ఉంచమన్నాను.

దీన్ని అమలు చేయవలసిన పెద్దమనిషి మా ఎదురింటి రిటైర్డు పోస్టుమాస్టరు హరిప్రసాద్ గారు. ఆయన ఎవరికీ భయపడడు, ఒక్క వాళ్ల భార్యకు తప్ప.

1. హిందూపురంలో నేను ఇప్పుడున్న రెండు గదుల శీట్ల ఇల్లు, వంటిల్లు, వాకిలి. ఇది నా కష్టార్జితం. చింతపండు మండీల్లో గింజ తీసే కూలికి పోయి, వేళ్లు పుళ్లు పడేలా పనిచేసి కొన్నాను. నా మొగుడి తరఫువాళ్లు ఒక్క ఇటుక పెట్టలేదు. ఈ ఇల్లు నా తదనంతరం నా చిన్నకొడుకు చంద్ర భార్య ప్రమీలకు సర్వహక్కులతో చెందుతుంది. ఆమె అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు, మళ్లీ పెళ్లి చేసుకుని ఆ మనిషితో ఇక్కడే కాపురం చేయవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు రాయిస్తున్నానంటే, చంద్ర చనిపోయాడు కాబట్టి ప్రమీల బిడ్డను తీసుకుని అగళికి, పుట్టింటికి వెళ్లిపోవాలని నా పెద్దకొడుకు జగదీష్ అంటున్నాడు. “మొగుడే లేనప్పుడు ఆయమ్మకు ఈడేం పనుండాది మా?” అని నా మంచం పక్కనే నిలబడి అన్నాడు. వాకిట్లో బియ్యం ఏరుతున్న ప్రమీల తల ఎత్తలేదు. నేనున్నంత కాలం ఆమెను ఎవరూ కదిలించలేరు. నేను పోయిన మర్నాడు ఆమె మూట కట్టుకోవలసి వస్తుందేమోనని నాకు దిగులు.

2. వంటింట్లో ఉన్న సామాను మొత్తం, ఇత్తడి తపేలా, సంగటి కట్టె, రోలు, గ్యాసు పొయ్యితో సహా, ప్రమీలదే. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో రోజూ ఉప్పుసారు కాచేది. బీన్సు, ఆకుకూర ఉడకబెట్టి, ఆ నీళ్లలో కారం కలిపే వంట. ఇదేం కూడు, కూర కడిగిన నీళ్లా అని జగదీష్ ఎగతాళి చేస్తే, చంద్ర గిన్నె వంచుకుని తాగాడు. నా వంట ఎప్పుడూ అంత ఇష్టంగా తినలేదు వాడు. నాకు కుళ్లు పుట్టింది, నిజం. తరువాత నేనూ నేర్చుకున్నాను. అమ్మా ప్రమీలా, నా వంటే కొనసాగించాలని ఏమీ లేదు, నీకేది రుచిస్తే అది వండుకో. సంగటి విషయంలో మాత్రం నా మాట విను. పిండి పోశాక కట్టె పెట్టడానికి తొందరపడొద్దు. అన్నం మీద పిండిని అలాగే వదిలి, సన్నమంట మీద ఆవిరి పట్టనియ్యి. ఉండలు కట్టేది నీ తొందర వల్లే.

3. నా వెండి కాలి మెట్టెలు, ముక్కుపుడక మనవరాలు హరితకు. అది పెద్దయ్యేదాకా తల్లి దగ్గర ఉండాలి. పెళ్లికే తొడగాలని నియమం లేదు. చదువుకు అమ్మినా నాకు కోపం రాదు.

4. నా మొగుడి అన్న, పెనుకొండ నారాయణప్పకు, పెళ్లిళ్లకు వండే మా పెద్ద రాగి డబరా. అది ఆయన ఇంట్లోనే ఉంది. కూతురి పెళ్లికని తీసుకెళ్లి, నేను అడిగినప్పుడల్లా “యాడికి పోతాదిలే లక్ష్మక్కా” అన్నాడు. ఇక దాని కోసం ఎవరూ ఆయన గడప తొక్కనక్కరలేదు. ఆ డబరాలో ఒక్క పూట కూడు వండి తెచ్చి ఉంటే నేను ఈ వీలునామా ఇలా రాయించేదాన్ని కాదు. సంగతి రాయక తప్పదు.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో చంద్ర సరుకుల ఆటో తోలుకుంటూ ధర్మవరం నుంచి వస్తూ, పెనుకొండ దగ్గర హైవే మీద చనిపోయాడు. హరిత అప్పటికి పాలు తాగే బిడ్డ. మాలో చావు జరిగిన ఇంట్లో మూడోరోజు దాకా పొయ్యి ముట్టించరు. దాయాదులో వియ్యాలవారో కూడు వండి తెస్తారు. మొదటి పూట తేవడం మర్యాద గల పని. ధర్మవరంలో ఉన్న జగదీష్ అత్తగారివాళ్లు, తాము ముందు తెస్తే నారాయణప్పకు చిన్నతనమవుతుందని ఆగిపోయారు. నారాయణప్ప, ధర్మవరం వాళ్లు తెస్తున్నారు కదా, మనం తెస్తే పోటీకి వచ్చినట్టుంటుందని ఊరకున్నాడు. వీధివాళ్లు చుట్టాలు తెస్తారనుకుని టీలిచ్చి పోయారు. అందరూ మర్యాదస్తులే. మగవాళ్లు మట్టి పనులు ముగించి వచ్చి స్నానాలు చేసి కూర్చున్నారు. పొద్దు గుంకింది. కూడు రాలేదు.

హరిత తల్లి రొమ్ము పట్టి లాగి లాగి ఏడ్చింది. ప్రమీల ముందురోజు నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు, పాలెక్కడి నుంచి వస్తాయి. సీసా పట్టిస్తే బిడ్డ ఉమ్మేసింది. ఆ ఏడుపు వింటూ నేను కాసేపు కూర్చున్నాను. తరువాత లేచి వంటింట్లోకి పోయి పొయ్యి ముట్టించాను.

బయట గలాటా మొదలైంది. “కొడుకు మీద మన్ను తడారకముందే పొయ్యి ముట్టిస్తాండావా, నీకు పిచ్చి పట్టిండాదా?” అని నారాయణప్ప గుమ్మం దగ్గర నిలబడి అరిచాడు. సంగటి గెలికాను, తోటకూర, కందిపప్పు, చింతపండు కలిపి పుల్లగూర ఎనిపాను. ప్రమీల తినను అంటే నోట్లో పెట్టాను. కాసేపటికి బిడ్డ ఊరుకుంది. నారాయణప్ప తన మనుషులను లేపుకుని వెళ్లిపోయాడు. జగదీష్ వెళ్లలేదు గానీ, వాడి ముందు సంగటి వడ్డించి పెట్టిన తట్టను పక్కకు నెట్టాడు. పొయ్యి ముట్టించింది నేను. చుట్టాల్లో మాట పడింది మాత్రం ప్రమీల. మొగుణ్ని మట్టిలో పెట్టిన రోజే సంగటి తిన్నదని ఇప్పటికీ అంటారు. జగదీష్ ఆమెను పొమ్మనేది కూడా అందుకే.

5. పెనుకొండ దారిలో నా పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరా మెట్ట, అందులోని బోరుతో సహా, జగదీష్‌కు చెందుతుంది. షరతు: నేను పోయిన రోజు సాయంత్రం ఈ ఇంట్లో ప్రమీల వండిన కూడు అతడు కూర్చుని తినాలి. తినకపోతే ఆ భూమి హరితకు పోతుంది.

6. నేను పోయిన సాయంత్రం ఈ ఇంటి పొయ్యి వెలగాలి. ఎవరూ ఆపకూడదు, చుట్టాల కూడు కోసం ఎదురుచూడకూడదు. పెద్ద వంట వద్దు. ఆ పూట ఇంట్లో ఏముంటే అది చాలు. ప్రమీలకు ఏడుపు రావచ్చు, ఆకలి కూడా కావచ్చు. రెండూ ఒక్కసారే వస్తాయి. ఆ రోజు నాకూ వచ్చాయి. ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ప్రమీలకు పెట్టాక గిన్నెలో మిగిలింది నేనూ తిన్నాను. చాలా రుచిగా ఉంది. నా కొడుకు మట్టిలో ఉన్నాడు, నాకు పుల్లగూర రుచిగా ఉంది. రుచి తెలిసిందని మరీ ఏడ్చాను. ఆ ఏడుపు ప్రమీలకు వద్దు. ఆమె రుచి చూసుకుని వండాలి, కడుపునిండా తినాలి.

7. వకీలుగారు ఇదంతా చదివి వినిపించాక, అయిదో అంశంలోని షరతును రద్దు చేస్తున్నాను. భూమి జగదీష్‌దే, తిన్నా తినకపోయినా. ఎకరా నేల కోసం మింగిన ముద్ద నా బిడ్డ గొంతులో అడ్డం పడుతుంది. ప్రమీలా, నీకు ఆజ్ఞ కాదు, అడుగుతున్నాను. ఆ సాయంత్రం వాడికీ తట్ట పెట్టు. నెట్టేస్తే ఏమీ అనొద్దు, మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచు. చిన్నప్పుడు అలిగితే అందరూ తిని లేచాక ఒక్కడే వంటింట్లోకి వచ్చేవాడు. నేను చూడనట్టు అటు తిరిగి కూర్చునేదాన్ని. నువ్వూ అటు తిరుగు.

హిందూపురం, 2025 నవంబరు 17.

(సంతకం) లక్ష్మక్క

నా ఎదుట లక్ష్మక్క సంతకం చేయగా చూసిన సాక్షులు:
కళావతి, చింతపండు మండీలో తోటి కూలి
యువరాజ్, మందుల షాపు